ఆర్గానిక్ ఊలుతో టోపీ, మఫ్లర్, వేళ్లు లేని గ్లౌజులు: సూది నంబర్లు, కుట్ల లెక్క, ఉతుకు
(అల్లిక చర్చ. ప్రతి మాట పైన ఉన్నది రాసినవారి పేరు.)

రెండుసూదులు
న్యూజెర్సీ చలికాలానికి పనికొచ్చేలా ఒక టోపీ, ఒక మఫ్లర్, ఒక జత వేళ్లు లేని గ్లౌజులు అల్లాలి. పెద్దవాళ్ల కొలత. ఉన్న సరుకు ఇది: ఆర్గానిక్ మెరినో, 100 గ్రాముల చిలపలు (వదులుగా చుట్టిన ఊలు కట్టలు) రెండు, ఒక్కో చిలప 225 మీటర్లు, రంగు వేయనిది. లేబుల్ మీద సూపర్‌వాష్ (ఉతుకులో గట్టిపడకుండా శుద్ధి చేసినది) అన్న మాట లేదు. టోపీ పాటర్న్ ఇంటర్నెట్‌లోది, 8 నంబర్ సూది, 10 సెం.మీ.కి 18 కుట్లు అని ఉంది. ఇక్కడ ఇండియా షాపులో 8 నంబర్ సూది తీసుకుని అల్లితే 22 కుట్లు వస్తున్నాయి. చెయ్యి వదులు చేసి అల్లినా 21 కంటే తగ్గట్లేదు. తప్పు సూదిదా, ఊలుదా? ఈ రెండు చిలపల్లో మూడూ అవుతాయా?

అల్లికబడి
తప్పు నంబరుది. మీ పాటర్న్ చెప్పేది అమెరికా 8. మన షాపుల్లో దొరికే సూదుల మీద ఉండేది పాత ఇంగ్లండు నంబరు. అందులో అంకె పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా నంబరు దీనికి పూర్తిగా ఎదురు, అంకె పెరిగితే సూది లావు. మన 8 నంబర్ 4 మి.మీ., అమెరికా 8 నంబర్ 5 మి.మీ. మన 10 నంబర్ 3.25 మి.మీ. ఉంటే అమెరికా 10 నంబర్ ఏకంగా 6 మి.మీ. అందుకే పాటర్న్‌లో నంబరు చూడకండి, మి.మీ. చూడండి. తరచూ పడేవి రాస్తున్నాను, ఇంగ్లండు నంబరు ముందు: 12 అంటే 2.75, 11 అంటే 3, 10 అంటే 3.25, 9 అంటే 3.75, 8 అంటే 4, 7 అంటే 4.5, 6 అంటే 5. పాత సూది మీద అంకె చెరిగిపోయి ఉంటే రంధ్రాలున్న గేజ్ పట్టీలో దూర్చి చూడాలి, కంటి అంచనా వద్దు.

అయితే 5 మి.మీ. సూది కొనేయకండి. మీ ఊలు 100 గ్రాములకి 225 మీటర్లు, అంటే డీకే అనే మధ్యరకం మందం. ఆ పాటర్న్ రాసింది అంతకంటే ఒక మెట్టు లావు ఊలుకి. డీకేని 5 మి.మీ. మీద అల్లితే 18 కుట్లు వస్తాయి గానీ గుడ్డ వలలా తయారై గాలి దూరుతుంది. 4 మి.మీ. మీద వస్తున్న ఆ 22 కుట్లే ఈ ఊలుకి సరైనవి. పాటర్న్ పక్కన పెట్టి టోపీ లెక్క మళ్లీ వేసుకోవడం మేలు.

నూలుపోగు
ఆ 22 అనేది ఉతికాక కొలిచిందా, సూది మీద ఉండగా కొలిచిందా? ఈ ఊలు విషయంలో అన్నింటికంటే ముందు అడగాల్సింది ఇదే.

రెండుసూదులు
సూది మీద ఉండగానే అండి. 20 కుట్ల ముక్క, ఎనిమిది వరసలు.

నూలుపోగు
అది ఇంకా కొలత కిందికి రాదు. సూపర్‌వాష్ చేయని ఊలు మిల్లులో వాడిన నూనె, కాస్త సహజ జిడ్డు పట్టుకుని వస్తుంది. మొదటిసారి నీళ్లలో పడగానే ఆ జిడ్డు పోయి పోగు ఉబ్బుతుంది, కుట్ల మధ్య సందులు పూడుకుంటాయి, కొలత మారుతుంది. ఎటు మారుతుందో ఉతికితేగానీ తెలియదు. 112 కుట్ల టోపీ 22 గేజ్‌లో (10 సెం.మీ.కి 22 కుట్లు) 51 సెం.మీ. చుట్టు వస్తుంది. అదే 20కి జారితే 56, తల మీద నిలవదు. 24కి బిగిస్తే 46.7, నొసటి మీద గీత పడుతుంది. రెండు కుట్ల తేడాకే టోపీ మొత్తం పాడు.

నమూనా ముక్క ఇలా అల్లండి. టోపీని గుండ్రంగా అల్లుతారు కాబట్టి ముక్కలో కూడా పర్ల్ (తిరగేసి వేసే కుట్టు) వరస ఉండకూడదు. చాలా చేతులకి పర్ల్ వదులుగా పడుతుంది, అటూ ఇటూ తిప్పి అల్లిన ముక్క అబద్ధం చెబుతుంది. రెండు వైపులా మొనలున్న సూది లేదా సర్క్యులర్ సూది (తీగతో కలిపిన జంట సూది) మీద 34 కుట్లు ఎక్కించండి. ఒక వరస నిట్ (మామూలు సూటి కుట్టు) అయ్యాక తిప్పకుండా కుట్లన్నీ కుడి కొనకి జరపండి, ఊలు వెనక వదులుగా వేలాడనిచ్చి మళ్లీ నిట్ మొదలుపెట్టండి. 15 సెం.మీ. ఎత్తు వచ్చేదాకా అంతే. దింపాక వెనక వేలాడే పోగుల్ని మధ్యలో కత్తిరించొచ్చు. 30 డిగ్రీల లోపు నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, పిండకుండా నొక్కి, తువ్వాలులో చుట్టి అదిమి, పరిచి ఆరబెట్టండి. పిన్నులు గుచ్చి లాగొద్దు, టోపీని ఎవరూ లాగి ఆరబెట్టరు కదా. పూర్తిగా ఆరాక మధ్యలోని 10 సెం.మీ.లో కుట్లు లెక్కపెట్టాలి. అర కుట్టు కూడా వదలకూడదు.

ముక్కని పారేయకండి. దాన్ని కాటా మీద పెడితే ఊలు ఎంత పడుతుందో అదే చెబుతుంది. 15 సెం.మీ. చదరం అంటే 225 చదరపు సెం.మీ., మీ ఊలుతో సుమారు 10 గ్రాములు తూగాలి.

చలిఊరు
ఆ లెక్కతోనే చూస్తే రెండు చిలపల్లో మూడూ రావు. మఫ్లర్ 20 సెం.మీ. వెడల్పు, 160 సెం.మీ. పొడవు అనుకుంటే 3200 చదరపు సెం.మీ. మామూలు నిట్ గుడ్డకే 142 గ్రాములు, జాగ్రత్తకి పదో వంతు కలిపితే 156. పైగా మఫ్లర్‌ని ముందు నిట్, వెనక పర్ల్ గుడ్డగా అల్లకూడదు. రెండు అంచులూ లోపలికి గొట్టంలా చుట్టుకుంటాయి. అది కుట్టు స్వభావం, ఇస్త్రీ చేసినా తడిపి పిన్నులు పెట్టినా రెండు రోజుల్లో మళ్లీ చుట్టుకుంటుంది. అన్ని వరసలూ నిట్ చేసే గార్టర్ అయితే చదునుగా ఉంటుంది, కానీ వరసలు దగ్గరగా పడి ఊలు మింగుతుంది. ఆ కొలతకి 430 మీటర్ల పైనే. అంటే మీ రెండు చిలపలూ మఫ్లర్ ఒక్కదానికే సరి.

రెండు దారులున్నాయి. ఇంకో రెండు చిలపలు కొనడం ఒకటి. రంగు వేయని ఊలే కదా అని వేరే లాట్‌ది తెచ్చుకోకండి, మంద మారితే తెలుపు కూడా మారుతుంది, పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. రెండోది, మఫ్లర్ బదులు మెడచుట్టు గొట్టం, అదే కౌల్. 60 సెం.మీ. చుట్టు, 25 సెం.మీ. ఎత్తు అంటే 1500 చదరపు సెం.మీ., పదో వంతు కలిపి దాదాపు 73 గ్రాములు. టోపీ 70, గ్లౌజులు 40, కౌల్ 73, మొత్తం 183. నమూనా ముక్కకి 10 పోయినా ఇంకా 7 గ్రాములు మిగులుతుంది. చలిలో మెడకి కౌలే మంచి పని చేస్తుంది, కోటు లోపల వేలాడే కొనలుండవు. పైన, కింద మూడేసి సెం.మీ. రిబ్ (నిట్, పర్ల్ మార్చి మార్చి వేసే సాగే అల్లిక) వేస్తే అంచులు చుట్టుకోవు.

రెండుసూదులు
కౌల్ సరే. టోపీకి 112 కుట్లు ఎలా వచ్చాయో, పైభాగం తగ్గింపు ఎలా చేయాలో ఎవరైనా చెబుతారా? మడిచే అంచు కావాలి.

అల్లికబడి
తల చుట్టుకొలత 56 సెం.మీ. అనుకుందాం. టోపీ పట్టి ఉండాలంటే తలకంటే 5 సెం.మీ. చిన్నదిగా అల్లాలి, అంటే 51. దాన్ని 2.2తో గుణిస్తే 112.2. రెండు నిట్, రెండు పర్ల్ రిబ్‌కి 4తో భాగం పోవాలి, పైన ఎనిమిది భాగాలుగా తగ్గించడానికి 8తో పోవాలి. 112 రెండింటికీ కుదిరింది. మీ గేజ్ వేరే వస్తే 104 గానీ 120 గానీ తీసుకోండి, మధ్యలో ఆగకండి.

కుట్లు ఎక్కించేటప్పుడు తోక పొడవు అల్లే వెడల్పుకి మూడు రెట్లు, పైన ఒక జానెడు. ఇక్కడ 170 సెం.మీ. వదిలితే చాలు. ఎక్కింపు బిగుసుకుపోతోందని చాలామంది లావు సూది వాడతారు. దాని వల్ల మొదటి వరస కుట్లు సాగిపోయి వికారంగా కనిపిస్తాయి, అంచు మాత్రం అలాగే బిగుసుకుని ఉంటుంది. ఎందుకంటే అంచు సాగడం కుట్టు సైజుని బట్టి ఉండదు, కుట్టుకీ కుట్టుకీ మధ్య వదిలిన పోగుని బట్టి ఉంటుంది. అదే సూది మీద ఒక్కో కుట్టు ఎక్కించాక చూపుడు వేలిని పక్కన ఆనించి, వేలి మందంలో సగమంత ఎడం వదిలి తర్వాతి కుట్టు ఎక్కించండి.

40 సెం.మీ. సర్క్యులర్ సూది, 3.25 మి.మీ. మీద మొదలు. గుండ్రంగా కలిపే ముందు అంచంతా సూది కిందికి వేలాడుతోందా అని చుట్టూ వేలితో తడిమి చూడండి. ఒక్క మెలిక ఉన్నా టోపీ మెలితిరిగిన పట్టీ అవుతుంది. మొదటి చుట్టు చివర కనిపిస్తే అక్కడ సరిచేయొచ్చు, మూడో చుట్టులో కనిపిస్తే విప్పడమే.

రిబ్ 10 సెం.మీ., సగం మడతకి పోతుంది. తర్వాత 4 మి.మీ. సూదికి మారి, అడుగు అంచు నుంచి మొత్తం 20 సెం.మీ. వచ్చేదాకా నిట్. ఇక తగ్గింపు. ప్రతి 14 కుట్లకి ఒక మార్కర్ (గుర్తు రింగు) పెట్టండి, ఎనిమిది భాగాలు అవుతాయి. ప్రతి భాగం చివర రెండు కుట్లు కలిపి నిట్ చేస్తే చుట్టుకి 8 కుట్లు తగ్గుతాయి. ఒక తగ్గింపు చుట్టు, ఒక మామూలు చుట్టు, ఇలా భాగానికి 14 నుంచి 7 అయ్యేదాకా. అక్కడి నుంచి ప్రతి చుట్టూ తగ్గింపే, భాగానికి ఒక్క కుట్టు మిగిలేదాకా. మొత్తం 20 చుట్లు, సుమారు 6.5 సెం.మీ. మొదటి నుంచీ చుట్టు వదిలి చుట్టు తగ్గిస్తూ పోతే నెత్తి మీద మొన తేలుతుంది. మొదటి నుంచీ ప్రతి చుట్టూ తగ్గిస్తే నెత్తి చదునై కుచ్చిళ్లు పడతాయి. పైన చెప్పిన కలగలుపు తల ఆకారానికి సరిగ్గా కూర్చుంటుంది.

చివరి 8 కుట్లలోంచి పోగు రెండుసార్లు తిప్పి లాగి లోపలికి కుట్టేయాలి.

మంజిష్ఠ
ఆ చివరి మాట దగ్గర ఒక జాగ్రత్త. పేట లేని ఒంటిపోగు ఊలు అయితే లాగగానే తెగుతుంది. ఆర్గానిక్ ఊలు రకాల్లో మెత్తదనం కోసం పురి తక్కువ ఇచ్చిన ఒంటిపోగులు చాలా వస్తాయి. అలాంటప్పుడు 8 కుట్లని ఒక్క ఊపున లాగకుండా రెండు కుట్ల చొప్పున బిగిస్తూ రావాలి, లేదా అదే రంగు నూలు దారం జోడించి లాగాలి. ఇక్కడి ఊలు రెండు పేటలా, మూడు పేటలా?

రెండుసూదులు
మూడు పేటలు.

మంజిష్ఠ
అయితే భయం లేదు.

చిలప
కింది 3.25 రిబ్ నుంచి 4కి మారేటప్పుడు సర్క్యులర్ సూదులు రెండూ 40 సెం.మీ. ఉండాలి. 60 అయితే 112 కుట్లు సూది చుట్టూ అందవు, ప్రతి కుట్టూ సాగదీసుకోవాలి. తగ్గింపులో 80 కుట్ల కిందికి వచ్చాక 40 కూడా పెద్దదైపోతుంది. అక్కడ ఐదు సూదుల సెట్టుకి గానీ 80 సెం.మీ. తీగతో మ్యాజిక్ లూప్‌కి (పొడవు తీగని మధ్యలో బయటికి లాగి చిన్న చుట్టు అల్లే పద్ధతికి) గానీ మారాలి. సూది నుంచి సూదికి దాటే చోట నిచ్చెన మెట్లలా సందులు పడితే మొదటి కుట్టుని బిగించి లాభం లేదు, అది మళ్లీ సడలుతుంది. మొదటి కుట్టు మామూలుగా వేసి రెండో కుట్టు వేసేటప్పుడు పోగు లాగండి, అది మొదటిదాన్ని పట్టి ఉంచుతుంది.

సూది ఏ రకం అన్నది కూడా ఈ ఊలుకి ముఖ్యమే. సూపర్‌వాష్ కాని ఉన్నికి పొలుసులు అలాగే ఉంటాయి, సూదికి కాస్త పట్టుకుంటుంది. దాని మీద వెదురు సూది వాడితే నత్తనడకే, అందులోనూ విశాఖ, కాకినాడ వైపు ఉక్కపోతలో చేతి తడి తగిలి కుట్లు కదలవు. నున్నని లోహపు సూది తీసుకోండి. వెదురు సూది పట్టులాంటి జారే పోగులకి.

గొంగడి
లేబుల్ గురించి ఎవరూ అడగలేదు. ఆర్గానిక్ అని రాసి ఉంటే సరిపోదు. గాట్స్ (GOTS, ఆర్గానిక్ బట్టల అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర ఉంటే రెండు స్థాయిలు ఉంటాయి. ‘ఆర్గానిక్’ అని రాయాలంటే కనీసం 95 శాతం ధ్రువీకరించిన ఆర్గానిక్ పోగు ఉండాలి, ‘ఆర్గానిక్‌తో తయారైనది’ అంటే కనీసం 70 శాతం. గాట్స్ పోగుని మాత్రమే కాదు, కడగడం, వడకడం, రంగు వేయడం అన్నీ చూస్తుంది. క్లోరిన్‌తో చేసే మామూలు సూపర్‌వాష్ అందులో నిషేధం. ఓసీఎస్ అనే ముద్ర పోగు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రమే చూస్తుంది, మధ్యలో వాడిన రసాయనాల సంగతి దానికి పట్టదు. ఆర్‌డబ్ల్యూఎస్ గొర్రెల బాగోగుల గురించి, మేత నేల గురించి. అది మంచిదే కానీ ఆర్గానిక్ కాదు. ముద్ర కింద ధ్రువీకరించిన సంస్థ పేరు, లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరు గాట్స్ వాళ్ల బహిరంగ జాబితాలో వెతికితే కంపెనీ పేరు రావాలి.

ఇంట్లో రంగులద్దేవాళ్లు ధ్రువీకరించిన ఊలు కొని రంగు వేసి అమ్మితే, తమకి సొంత ధ్రువీకరణ లేకుండా ఆ ముద్ర వాడటానికి లేదు. పోగు మంచిదే కావచ్చు, ముద్ర మాత్రం వాళ్లది కాదు.

రెండుసూదులు
ముద్ర, నంబరు రెండూ ఉన్నాయి. ఊలు నిజంగా ఊలేనా అని చూసే దారి ఏమైనా ఉందా? షాపులో ఊలు అని అమ్మేది చాలాసార్లు అక్రిలిక్.

గొంగడి
వేలెడు ముక్క పటకారుతో పట్టుకుని నీళ్ల గిన్నె మీద కాల్చండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన, మంట తీస్తే దానంతట అదే ఆరిపోతుంది, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. అక్రిలిక్ కరిగి కారుతూ మండుతూనే ఉంటుంది, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. కరిగేది వేళ్ల మీద పడితే బొబ్బలెక్కుతాయి, పటకారు లేకుండా చేయొద్దు.

సూపర్‌వాషా కాదా అన్నది వేరే పరీక్ష. ఒక మూర పోగు వేడి సబ్బు నీళ్లలో తడిపి అరచేతుల మధ్య ఐదు నిమిషాలు ఉండలా రుద్దండి. విడదీయరాని గట్టి ఉండ అయితే సూపర్‌వాష్ కాదు. విడివిడిగానే ఉంటే అయి ఉంటుంది.

నూలుపోగు
ఆ గట్టిపడే గుణంతో ఒక లాభం ఉంది. చిలప అయిపోయి కొత్తది కలిపేటప్పుడు ముడి అక్కర్లేదు. రెండు కొనల పేటలు 6 సెం.మీ. మేర విప్పండి, ఒక్కో కొన నుంచి సగం పేటలు కత్తిరించండి, ఒకదాని మీద ఒకటి పరిచి తడి చేసి అరచేతుల్లో గట్టిగా, వేగంగా రుద్దండి. అర నిమిషంలో ఒకే పోగు అవుతుంది. లోపల కుట్టాల్సిన తోకలు రెండు తగ్గుతాయి. సూపర్‌వాష్ మీద ఇది పనిచేయదు.

చిలప నుంచి ఉండ చుట్టేటప్పుడు కూడా చూసుకోవాలి. మొదట చిలపని పూర్తిగా విప్పి కుర్చీ వీపుకి తగిలించి, కట్టిన ముడులు అన్నీ కత్తిరించాకే కొన వెతకాలి. బిగించి చుట్టిన ఉండలో పోగు సాగి ఉంటుంది. అల్లేటప్పుడు సాగిన పోగు ఉతికాక కుంచించుకుంటుంది, టోపీ చిన్నదైపోతుంది. నాలుగు వేళ్ల మీదుగా చుట్టి వేళ్లు లాగేస్తూ ఉంటే ఉండ మెత్తగా వస్తుంది.

రెండుసూదులు
గ్లౌజుల్లో బొటనవేలి దగ్గర రంధ్రం పడుతుందని అందరూ అంటారు. అది ఎలా తప్పించాలి? 22 గేజ్‌కి కుట్లు ఎన్ని?

చలిఊరు
అరచేతి చుట్టు 19 సెం.మీ. అనుకుంటే ఒక సెం.మీ. తగ్గించి 18, అంటే 40 కుట్లు. మణికట్టుకి 3.25 మీద 2×2 రిబ్ 6 సెం.మీ., తర్వాత 4 మి.మీ.కి మారి 3 చుట్లు నిట్. ఇప్పుడు ఒక కుట్టుని బొటనవేలికి ఎంచుకుని దాని రెండు పక్కలా మార్కర్లు పెట్టండి. మార్కర్ల లోపల అటూ ఇటూ ఒక్కో పెంపు, ప్రతి మూడో చుట్టులో. ఆరు పెంపు చుట్లకి ఆ ఒక్క కుట్టు 13 అవుతుంది, ఎత్తు 6 సెం.మీ. ఆ 13ని వేరే రంగు దారం మీదకి దించి, ఖాళీ మీద ఒక కుట్టు కొత్తగా ఎక్కించి, 40 కుట్లతో 3.5 సెం.మీ. నిట్, పైన 2 సెం.మీ. రిబ్, వదులుగా దింపు.

రంధ్రం పడేది తర్వాత. దారం మీది 13 కుట్లు సూదికి ఎక్కించాక చేతి భాగానికీ వేలి భాగానికీ మధ్య పోగు రెండు వైపులకీ లాగబడుతుంది. ఆ ఖాళీలో ఒక్క కుట్టు ఎత్తితే మూలలు రెండూ తెరుచుకుంటాయి. ఒకటి కాదు, మూడు ఎత్తండి: మధ్యలో ఎక్కించిన కుట్టు నుంచి ఒకటి, రెండు మూలల్లో అడ్డంగా కనిపించే పోగు నుంచి ఒక్కోటి. మూలల పోగుని మెలితిప్పి ఎత్తాలి, తిన్నగా ఎత్తితే మళ్లీ రంధ్రమే. మొత్తం 16. తర్వాతి చుట్టులో మూల కుట్టుని పక్క కుట్టుతో కలిపి రెండు వైపులా తగ్గిస్తే 14 మిగులుతాయి. 1×1 రిబ్ 2 సెం.మీ. వేసి దింపేయండి. ఆ పైన కూడా సూది మొనంత సందు మిగిలితే, వేలి దగ్గర మొదలుపెట్టిన తోకతోనే లోపలి నుంచి రెండు కుట్లు వేస్తే పూడిపోతుంది.

రెండో చేతికి వేలి కుట్టు మారాల్సిన పనిలేదు. ఈ పద్ధతిలో రెండూ ఒకటే.

మంజిష్ఠ
రంగు వేయని ఊలు కదా, రంగు ఆలోచన ఉంటే అల్లే ముందే వేయండి. కలంకారీ తెలిసినవాళ్లు కరక్కాయతో మొదలుపెట్టాలనుకుంటారు. పెడన, శ్రీకాళహస్తిలో కరక్కాయ వాడేది నూలు గుడ్డకి, ఎందుకంటే రంగుని పట్టి ఉంచే పటిక నూలుకి నేరుగా పట్టదు. ఉన్ని మాంసకృత్తు, పటికని తనే పట్టుకుంటుంది, కరక్కాయ అవసరం లేదు. వాడితే తెల్ల ఊలు పచ్చగా మారి కింది రంగు మందగిస్తుంది. 100 గ్రాముల పొడి ఊలుకి పటిక 12 గ్రాములు, బేకరీ సామాను దగ్గర దొరికే క్రీమ్ ఆఫ్ టార్టార్ 6 గ్రాములు. ఊలుని ముందు రాత్రంతా నానబెట్టి, గోరువెచ్చని పటిక నీళ్లలో వేసి, ముప్పావు గంట మీద నెమ్మదిగా 85 డిగ్రీలకి తీసుకెళ్లి గంట ఉంచండి. మరగనివ్వొద్దు, కలపొద్దు, గరిటెతో ఒకసారి కిందికి అదిమితే చాలు. పొయ్యి ఆర్పి ఆ నీళ్లలోనే చల్లారనివ్వాలి. వేడి ఊలుని చల్లనీళ్లలో ముంచినవాళ్లకి చిలప కాదు, గొంగళి ముక్క మిగులుతుంది.

మంజిష్ఠ వేరు 100 గ్రాముల ఊలుకి 50 నుంచి 100 గ్రాములు. 70 డిగ్రీలు దాటితే ఎరుపు గోధుమలోకి దిగుతుంది. కఠిన జలం మంజిష్ఠకి మేలే, సున్నపు లవణం ఎరుపుని నిలబెడుతుంది. పసుపు జోలికి వెళ్లొద్దు, ఎండ తగిలే టోపీ మీద కొద్ది వారాల్లోనే వెలిసిపోతుంది. దానిమ్మ తొక్క పసుపు నిలుస్తుంది. నీలికి సున్నం బాగా వేసిన నూలు తొట్టి పనికిరాదు, ఆ క్షారం ఉన్నిని తినేస్తుంది.

చిలప
ఉతుకు గురించి రాయకపోతే ఈ పనంతా మొదటి నెలలో పోతుంది. ఉన్ని పొలుసులు ఒక వైపుకే తెరుచుకుని ఉంటాయి. వేడి, తడి, కదలిక మూడూ కలిస్తే ఒకదానిలో ఒకటి చిక్కుకుని వెనక్కి రావు. తడి తప్పదు కాబట్టి మిగిలిన రెండూ తగ్గించాలి. వాషింగ్ మెషీన్ వద్దే వద్దు. ఎండాకాలం మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చెయ్యి కాలేంత వస్తాయి, నేరుగా కుళాయి కింద పెట్టొద్దు. రెండు బకెట్ల నీళ్లు పట్టి ఒకే వేడికి చేరాక మొదలుపెట్టండి. ఉతికే నీళ్లూ జాడించే నీళ్లూ ఒకే వేడి ఉండాలి. కుళాయి ధార ఊలు మీద పడకూడదు, ముందు నీళ్లు నింపి తర్వాత ఊలు వేయాలి.

సబ్బు విషయంలో మనకి కుంకుడుకాయ కంటే మంచిది లేదు. ఉన్నికి క్షారం పడదు, కుంకుడు రసం కొద్దిగా ఆమ్లం వైపే ఉంటుంది. ఆరు కాయలు గింజ తీసి చితక్కొట్టి అర లీటరు నీళ్లలో రాత్రి నానబెట్టండి. పిసికి పలచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టండి, ఒకసారే వడకడితే తొక్క నలుసులు అల్లికలో ఇరుక్కుంటాయి. నాలుగు లీటర్ల నీళ్లలో కలిపి 15 నిమిషాలు నానబెట్టి, జాడించి, తువ్వాలులో చుట్టి అదమడం. బోరు నీళ్లలో సబ్బు తెల్లటి తెట్టెలా ఊలుకి అంటుకుంటుంది, కుంకుడుకి ఆ బాధ లేదు.

మంజిష్ఠ
కుంకుడుతో తెల్ల ఊలు కాస్త గడ్డి రంగుకి తిరుగుతుంది, అది చెప్పాలి. రంగు వేయని ఆర్గానిక్ ఊలు ఎలాగూ మీగడ రంగే కాబట్టి పెద్దగా తేడా రాదు గానీ, అచ్చ తెలుపు కావాలంటే ఊలు కోసమే అమ్మే ద్రవం వాడండి. బట్టల పొడి ఏదైనా వద్దు. మరకలు తీసే ఎంజైమ్ ఉన్న పొడి మాంసకృత్తుని కరిగించడానికే చేసింది, ఉన్ని కూడా దానికి మాంసకృత్తే.

రెండుసూదులు
ఇక్కడ దక్కనీ గొర్రెల ఉన్ని దొరుకుతుంది. మందులు, ఎరువులు లేని బీళ్లలో మేస్తాయి కదా, దాన్నే వాడి టోపీ అల్లితే?

గొంగడి
టోపీకి వద్దు. గుచ్చుకుంటుంది. అది ఎలర్జీ అనుకుంటారు, చాలాసార్లు కాదు. 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) కంటే లావు పోగు కొన చర్మానికి తగిలినప్పుడు వంగదు, నొక్కుతుంది. గుడ్డలో అలాంటి పోగులు 5 శాతం దాటితే చర్మానికి తెలిసిపోతుంది. మెరినో 17 నుంచి 24 మైక్రాన్లు. దక్కనీ ఉన్ని అంతకంటే ఎంతో ముతక. కురుమలు దాన్ని ఒంటిపోగుగా వడికి, చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గం మీద గొంగడి నేస్తారు. వానకీ చలికీ ఎండకీ గొల్లకురుమల భుజం మీద నిలిచేది ఆ ముతకదనం వల్లే. ఆ గుణాన్ని టోపీలో వెతకడం ఆ ఉన్నికి అన్యాయం. సంచి, కుంపటి మీది పాత్రలు పట్టుకునే మసిగుడ్డ, కుర్చీ మీద పరుపు, వేడి నీళ్లలో గట్టిపరిచిన ఇంటి చెప్పులు, వీటికి అల్లండి, అద్భుతంగా ఉంటాయి. 5 మి.మీ. పైన సూది, రెండు పోగులు కలిపి. గంజి పట్టిన పోగు తెస్తే ముందు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి గంజి వదిలించాలి, లేకపోతే సూది మీద కదలదు.

ఆర్గానిక్ అన్న మాట మాత్రం వాడకండి. బీడులో మేయడం వేరు, ధ్రువీకరణ వేరు. పిడుదులకి మందు పట్టించారా, ఏ మందు అన్నది రాసిపెట్టి చూపిస్తేనే ఆ మాట. ధ్రువీకరణ లేనంత మాత్రాన ఆ ఉన్ని విలువ తగ్గదు, దాని పేరు దానికుంది.

అల్లికబడి
మెరినో టోపీ కూడా నొసటి మీద గుచ్చుకుంటే, మడత లోపలి వైపు 5 సెం.మీ. వెడల్పు మెత్తటి నూలు అల్లిక గుడ్డ పట్టీ కుట్టండి. టీషర్టు గుడ్డలాంటి సాగేది కావాలి, సాగని గుడ్డ పెడితే రిబ్ పని పోతుంది. కుట్టు కూడా జిగ్‌జాగ్‌గా వేయాలి.

రెండుసూదులు
చివరి ప్రశ్న. చలికాలం అయ్యాక దాచేటప్పుడు పురుగు పట్టకుండా ఏం చేయాలి? నాఫ్తలీన్ ఉండలు వేస్తే చాలా?

నూలుపోగు
ముందు ఉతకండి. చిమ్మట పిల్ల పురుగుకి శుభ్రమైన ఉన్ని కంటే చెమట, నూనె, అన్నం మరక ఉన్న ఉన్ని ఇష్టం. పూర్తిగా ఆరిందని నమ్మకం కుదిరాక ఇంకో రోజు ఫ్యాన్ కింద ఉంచండి. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ దాచుకుని కూడా చేతికి పొడిగానే తగులుతుంది. తర్వాత జిప్ కవర్లో గాలి తీసి మూయండి.

పురుగు పట్టిన అనుమానం ఉంటే మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో ఒక వారం, బయట కవర్ తెరవకుండానే ఒక రోజు, మళ్లీ ఒక వారం. కవర్ చల్లగా ఉండగా తెరిస్తే లోపల నీరు పడుతుంది. ఒంటి తలుపు ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న ఐసు అర చాలాసార్లు మైనస్ 18కి చేరదు, థర్మామీటర్ పెట్టి చూసుకోండి. వేపాకు, కర్పూరం వాసనకి కొత్త చిమ్మట రావడం తగ్గొచ్చు, లోపల ఉన్న గుడ్లు మాత్రం చావవు.

నాఫ్తలీన్ ఆవిరి మూసిన పెట్టెలోనే పనిచేస్తుంది, బీరువా అరలో రెండు ఉండలు వేస్తే వాసన తప్ప ఇంకేం లేదు. పసిపిల్లల టోపీలు, దుప్పట్ల దగ్గర అసలే వద్దు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న పిల్లలకి ఆ ఆవిరితో ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదురుతాయి. లోపం ఉన్నట్టు పుట్టిన వెంటనే తెలియకపోవచ్చు కాబట్టి ఏ పసిబిడ్డ బట్టల్లోనూ వేయకూడదు.

చలిఊరు
ఆ మిగిలిన 7 గ్రాములూ టోపీతో పాటు అదే కవర్లో పెట్టండి. మడత అంచు మొదట అరిగేది కుడి చేత్తో పట్టుకుని లాగే చోట. అక్కడ కుట్టు పలచబడినప్పుడు, తెగకముందే, అదే ఊలుతో కుట్టు దారి వెంట సూదితో రెండో పోగు నడిపించాలి. బాగుచేసే ఊలు కూడా టోపీతో పాటు ఉతికి ఉండాలి. ఉతకని కొత్త పోగు వేస్తే మొదటి ఉతుకులో అది ముడుచుకుని చుట్టూ గుడ్డని లాగుతుంది.

రెండుసూదులు
నమూనా ముక్క ఆరింది. మధ్యలో 10 సెం.మీ.కి 21 కుట్లు, తూకం 10 గ్రాములు. 51ని 2.1తో గుణిస్తే 107 వస్తోంది. 104 తీసుకోవాలా, 112 తీసుకోవాలా?

అల్లికబడి
104. చుట్టు 49.5 సెం.మీ. వస్తుంది, 56 తలకి ఆరున్నర తక్కువ, రిబ్ సులువుగా సాగుతుంది. 112 అయితే 53.3, నాలుగు ఉతుకుల తర్వాత వదులవుతుంది. తగ్గింపులో భాగానికి 13 కుట్లు. 13 నుంచి 7 దాకా చుట్టు వదిలి చుట్టు, 7 నుంచి 1 దాకా ప్రతి చుట్టూ, మొత్తం 18 చుట్లు. పైభాగం అర సెం.మీ. పైన పొట్టి అవుతుంది కాబట్టి తగ్గింపు మొదలుపెట్టే ముందు రెండు చుట్లు ఎక్కువ అల్లండి.